కొట్టేసిన నలభై ఒక్క అంకెలు

ప్రొఫెసర్ మేడమ్ సంతాప సభ పదిన్నరకని చెప్పారు. నేను తొమ్మిదీ నలభైకే తిరుపతిలో రసాయనశాస్త్ర విభాగం మెట్ల దగ్గరున్నాను. బంగారుపాళ్యం నుంచి చిత్తూరుకు ఒక బస్సు, చిత్తూరు నుంచి తిరుపతికి ఇంకొకటి. ఎనిమిదేళ్లలో ఈ దారిన నూట పన్నెండుసార్లు వచ్చాను. ఇది నూట పదమూడోది. వచ్చేసరికి ఆమె లేకపోవడం ఇదే మొదటిసారి.

హాల్లో గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో ఆమె ఎదురుగా చూస్తున్నారు కాబట్టి, వెనక ముడిలో ఎప్పుడూ గుచ్చుకుని ఉండే పెన్సిలు కనిపించదు. ఫోటో కింద ‘31 సంవత్సరాల బోధన, పరిశోధన’ అని ఉంది. విభాగం అటెండరు మునిరత్నం స్టూలెక్కి, చేతిలో తెల్ల కాగితం ముక్కతో, గమ్ము సీసాతో నిలబడి ఉన్నాడు.

“ఏం చేస్తా ఉండావప్పా?” అన్నాను.

“ప్రెస్సోడు తప్పేసినాడు సార్. ముప్పై నాలుగేండ్లకు ముప్పై ఒకటని ఏసినాడు. పైన కాగితం అంటించి రాసేస్తే ఎవురికీ తెలీదు.”

“ఎవురికీ తెలీకూడదా?”

మునిరత్నం ఒకసారి చేతిలోని కాగితాన్ని చూసుకున్నాడు, ఒకసారి ఫోటో వైపు చూశాడు. ఆమె దగ్గర పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి. మెల్లగా స్టూలు దిగాడు.

“అవును సార్. ఇది అంటించినానంటే ఆయమ్మ ఫోటోలోంచి దిగొచ్చి నా వీపు వాయిస్తాది.”

నల్ల స్కెచ్ పెన్ను తెమ్మని పంపాను. ఆఫీసు గది తాళాలు ఇంకా తియ్యలేదట. పెన్ను వచ్చేదాకా ఆ హాల్లో ఒక్కణ్ణే కూర్చున్నాను.

*

ఆమెను నేను మొదట చూసింది టెంకల గుట్ట మీద.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం గుమాస్తాను. జూన్ నెల వచ్చిందంటే కాయల ట్రాక్టర్లు, లారీలు మా గేటు నుంచి హైవే దాకా బారులు తీరతాయి. గుజ్జు డబ్బాల్లోకి పోతుంది, టెంకలు ఫ్యాక్టరీ వెనక గుట్టగా పడతాయి. ఈగలు, పులిసిన కంపు. మా కూలీలే ముక్కుకు గుడ్డ కట్టుకోనిదే అటు పోరు. ఒకరోజు చూస్తే ఆ గుట్ట నడినెత్తిన ఒక పెద్దావిడ నిలబడి ఉన్నారు. నూలు చీర, చెప్పులు చేతిలో, ముడిలో పెన్సిలు. ఒక టెంకను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తున్నారు.

“ఎవురమ్మా అది? దిగండి, జారతాది!” అని అరిచాను.

“జారితే టెంకల మీదనే గదప్పా పడేది. నువ్వు ఈడ ఏం చేస్తావు?”

“తూకం రాస్తానమ్మా.”

“అయితే నువ్వే నాకు కావాల్సిన మనిషివి. నాలుగు మూటల టెంకలు కావాల. తోతాపురి వేరే, నీలం వేరే. కలిపినావంటే నా పని గంగపాలే.”

టెంకలను కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గులోంచి తాగే నీళ్లను వడగడితే నీళ్లలోని ఫ్లోరైడు తగ్గుతుందా అనేది ఆమె పరిశోధన. ఆ సంగతి తరువాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది, ఆమె చంద్రగిరి పక్కనుండే ఒక రైతు ఇంటి మనిషని, విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరని, ఆ రెండింటిలో దేన్నీ దాచుకోరని.

మొదటి మూట కాటా మీద పెట్టి 48.6 అని రాశాను. ఆమె నా భుజం మీదుగా చూశారు.

“చివర ఉండే ఆ ఆరు ఎవురిది? కాటాదా, నీదా?”

నన్ను ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. నా మటుకు నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

“కాటాకు అర కిలో గీతలే ఉండాయి మేడమ్. ముల్లు అర దాటి రవంత పోయింది. ఆ రవంత నాది.”

“ఆఁ, అట్ల చెప్పు! ఇది నాది అని పక్కన రాసి పెట్టుకో మరి.”

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. అటుపైన వచ్చిన లెక్కంతా చిత్తూరు పాత పుస్తకాల అంగట్లో దొరికిన లాగరిథం పట్టికల నుంచి, అట్టలేని ఇంటర్ పుస్తకం నుంచి సొంతంగా నేర్చుకున్నది. ఫ్యాక్టరీలో నాకు లెక్కల పిచ్చోడని పేరు. అందుకని ఎవరికీ చూపని ఒక నోటుబుక్కు నా దగ్గర ఉండేది. వంద కిలోల కాయకు ఏ రకంలో టెంక ఎంత పోతుంది, వాన పడిన వారంలో ఎంత, పడని వారంలో ఎంత, ఇట్లా ఆరు సీజన్లవి రాసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఆ రోజు ఏమనిపించిందో, తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె కాయల క్రేటు బోర్లించుకుని కూర్చుని నలభై నిమిషాలు చదివారు. ఈగల్ని కూడా తోలుకోలేదు.

“ఇది చెయ్యమని నీకు ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలేదు మేడమ్.”

“అందుకే ఇంత బాగుండాది.”

తరువాత ఒక పేజీలో వేలు పెట్టి ఆగారు. అక్కడ నేను మూడును ఎనిమిదిగా దిద్దాను. నల్లగా, లావుగా ఉంది. ఆమె ముడిలోంచి పెన్సిలు తీశారు.

“ఇట్ల దిద్దొద్దు. రబ్బరు పెట్టొద్దు. కాగితం అంటించొద్దు. ఒక్క గీత గియ్యి, చాలు. కింది అంకె చదివేదానికి రావాల. పైన సరైంది రాయి, పక్కన నీ పొడి అక్షరాలు పెట్టు. తప్పు గూడా ఒక కొలతే నాయనా. దాన్ని చంపేస్తే రేపు సాక్ష్యం చెప్పేదానికి ఎవురూ ఉండరు.”

ఆ గీత ఆమే గీసి చూపించారు. స్కేలు లేకుండా గీసినా వంకర లేదు.

*

ఆ తరువాత ప్రతి సీజన్లోనూ మూటలు నేనే తీసుకుపోయేవాణ్ణి. ప్రతి మూటకూ నంబరు, తేదీ, రకం, తూకం. పోయినప్పుడల్లా ఆమె నన్ను ఏదో ఒక క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టేవారు. “కాఫీ తాగి పోతావా, పాఠం విని పోతావా?” అని అడిగేవారు. రెండూ కావాలంటే నవ్వి రెండూ ఇచ్చేవారు.

ప్రాక్టికల్ క్లాసులో ఆమె మాట ఒకటి ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక పిల్లవాడు బ్యూరెట్టుతో ద్రావణం కొలిచి మూడుసార్లు చేశానన్నాడు. మూడుసార్లూ 10.0, 10.0, 10.0. ఆమె అతని పుస్తకం పైకెత్తి అందరికీ చూపించారు.

“ఏం నాయనా, బ్యూరెట్టు నీకు మేనమామా? అడిగినంతా ఇస్తా ఉండాది?”

క్లాసంతా నవ్వింది. పిల్లవాడూ నవ్వేశాడు. ఆ పక్క అమ్మాయికి 9.8, 10.3, 10.1 వచ్చాయి. ఆమె దానికి ఎక్కువ మార్కులు వేశారు. “ఈ పాప చెయ్యి వణికింది. వణికినట్టే రాసింది. ఈ పాపను నమ్మి మందు తాగొచ్చు,” అన్నారు.

గాజు సామాను ఎవరు కడిగినా ఆమె మళ్లీ కడిగేవారు. కడిగి, వెలుతురుకు ఎత్తిపట్టి, గోటితో ఒకసారి టింగుమనిపించి కింద పెట్టేవారు. నీటి బొట్టు గోడకు అంటుకుంటే ఇంకోసారి. కోపం వస్తే గొంతు తగ్గేది. బాగా సంతోషం వస్తే ఏమీ అనరు, ముడిలోంచి పెన్సిలు తీసి తేదీ వేస్తారు. అంతే. ఆ తేదీ కోసం పిల్లలు ఏళ్ల తరబడి పనిచేసేవారు.

ల్యాబు గోడ మీద ఆమె స్వయంగా రాసి అంటించిన చార్టు ఒకటి ఉండేది. నియమాలు ఆరు. నాలుగోది ఇది: ‘బొగ్గులోంచి దిగిన నీళ్లు నిలవ పెట్టకూడదు. పది నిమిషాల్లో కొలవాలి.’ కారణం నాకు చెప్పారు. నీళ్లలో సన్నటి బొగ్గు పొడి కలిసి వస్తుంది. నిలవ పెడితే ఆ పొడి ఇంకా ఫ్లోరైడును లాగుతూనే ఉంటుంది, లేని గొప్ప కనిపిస్తుంది. లేని గొప్ప ఆమెకు పడేది కాదు.

ఆ నాలుగో నియమమే మమ్మల్ని ముంచబోయింది.

*

టెంకల బొగ్గు మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థి పేరు రేవతి. జిల్లా పడమటి వైపు పల్లె ఆమెది. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. రేవతి పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నవ్వు వస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఐదేళ్లు చేసి సిద్ధాంత గ్రంథం సమర్పించింది. అందులో బొగ్గు వడపోతతో నీళ్లు పిల్లలు తాగగలిగే హద్దుకు దిగుతాయని చూపించింది. హద్దు అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఆమె కొలతలు 0.92, 0.95, 0.94, ఇట్లా ఉండేవి. తమ ఊరి బడిలో మొదటి వడపోత పెట్టిస్తానని హెడ్మాస్టరుకు మాట కూడా ఇచ్చింది.

ఆ ఏడాది ఏప్రిల్లో పరీక్షకుడి నుంచి ఉత్తరం వచ్చింది. నూట అరవై కొలతల్లో నలభై ఒకటి కొట్టేసి ఉన్నాయి, కొట్టేసినవన్నీ ఒకటి దాటినవే, కారణం చూపనిదే ఆమోదించలేను, అని. గడువు ఇరవై ఎనిమిది రోజులు. అప్పటికే రెండుసార్లు పొడిగించారు గనుక విశ్వవిద్యాలయం మూడోసారి ఇవ్వదు. అంటే ఐదేళ్ల పని పోయినట్టే.

ఆ నలభై ఒక్కటీ పరీక్షకుడికి ఎట్లా తెలిసిందంటే, మేడమ్ నియమం వల్లే. కొట్టేసిన అంకెలతో సహా కొలతలన్నీ గ్రంథం వెనక పెట్టాలని పట్టుబట్టింది ఆమే. ఉత్తరం వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఇంకో అధ్యాపకుడు లోపలికి వచ్చి అన్నాడు:

“ఆ పేజీలు పెట్టకుంటే సరిపోయేది గదా మేడమ్. ఎవురడిగినారు?”

ఆమె గొంతు తగ్గింది. “మనకు సరిపోయేది సార్. ఆ నీళ్లు తాగే పిల్లోళ్లకు సరిపోతాదా?”

“అయితే టెంకల్లోనే కల్తీ ఉండాలి. యాడో ఫ్యాక్టరీ వెనక ఏరుకొచ్చినవి. ఏ మూటలో ఏముండాదో ఎవురికి తెలుసు?”

రేవతి తల వంచుకుంది. ఆమెకూ లోపల ఆ అనుమానమే ఉందని నాకు అర్థమైంది.

“నాకు తెలుసు సార్,” అన్నాను. “ఏ మూటలో ఏముండాదో నాకు తెలుసు.”

“రాసి పెట్టినావా?” అన్నారు మేడమ్.

“రాసినాను మేడమ్.”

“అయితే ఎందుకు నిలబడినావు? పోయి ఎత్తుకోని రా.”

కాయ ఇంకా దిగలేదు, ఫ్యాక్టరీలో పని లేదు. మరుసటి రోజు నా ఎనిమిది తూకం పుస్తకాలు సంచిలో పెట్టుకుని వచ్చాను. రేవతి పరిశోధన పుస్తకం ఒక పక్క, నావి ఒక పక్క. మూట నంబరు చూసి కొలతలు విడదీశాను. ఒకే మూట బొగ్గులో మంచి అంకెలూ ఉన్నాయి, కొట్టేసినవీ ఉన్నాయి. తోతాపురిలోనూ ఉన్నాయి, నీలంలోనూ ఉన్నాయి. నా టెంకలకు దోషం లేదు. అక్కడితో నా పని అయిపోయింది. కానీ లేవబుద్ధి కాలేదు.

కొట్టేసినవి నలభై ఒక్కటీ వేరే కాగితం మీద వరుసగా దించాను. ఒక్క గీతే గనుక ప్రతి అంకే చదవగలిగాను. 1.06, 1.09, 1.08, 1.10. చెయ్యి తప్పిందనుకుని రేవతి కొట్టేసింది. నిజంగా చెయ్యి తప్పితే అంకెలు నాలుగు దిక్కులా పోవాలి. ఇవి అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే ఎత్తున తప్పాయి. తూకంలో ఇట్లాంటిది నాకు బాగా తెలుసు. కాటా కింద రాయి పడితే అన్ని మూటలూ ఒకే మాదిరి తప్పుతాయి.

“పాపా, పక్కన ఈ టైము ఎందుకు రాసినావు?”

“మేడమ్ రాయమంటారన్నా. ఎందుకో అడగలేదు.”

టైము ప్రకారం విడదీశాను. నలభై ఒకటిలో రెండు ఉదయానివి. వాటి పక్కన ‘సీసా ఒలికింది’, ‘జాడీ సరిగా కడగలేదు’ అని ఉంది. మిగిలిన ముప్పై తొమ్మిదీ మధ్యాహ్నం రెండు దాటాకే. అయితే మధ్యాహ్నం కొలిచినవాటిలో మంచివీ ఉన్నాయి. అవి ఎప్పటివి? నెలలు చూశాను. నవంబరు, డిసెంబరు, జనవరి. కొట్టేసినవి మార్చి నుంచి జూన్ దాకా.

లేచి వరండాలోకి పోయాను. బొగ్గు పొడి లోపలి మీటరు మీద పడుతుందని వడపోత గొట్టాలను పడమటి వరండాలో నిలబెట్టేవారు. సమయం మూడున్నర. ఎండ గొట్టాల మీద ఏటవాలుగా పడుతోంది. గాజు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను.

“మేడమ్,” అని పిలిచాను. “ఈ నీళ్లు కాగతా ఉండాయి.”

ఆమె వచ్చారు. గొట్టం మీద అరచెయ్యి ఆనించారు. తియ్యలేదు. అట్లాగే పెట్టుకుని నిలబడ్డారు. రేవతి థర్మామీటరు తెచ్చింది. దిగుతున్న నీళ్లు ముప్పై తొమ్మిది డిగ్రీలు. ఏసీ గదిలో మీటరు పక్కన, పోల్చుకోవడానికి పెట్టిన నీళ్లు ఇరవై ఐదు.

ఫ్లోరైడు కొలిచేది ఎర్ర రంగుతో. నీళ్లలో ఆ రంగు కలిపితే, ఫ్లోరైడు ఉన్నకొద్దీ రంగు వెలుస్తుంది. ఎంత వెలిసిందో మీటరు చెబుతుంది. అయితే వేడికి కూడా రంగు వెలుస్తుంది, లేని ఫ్లోరైడు ఉన్నట్టు కనిపిస్తుంది. ఉదయం నీళ్లు, చలికాలపు నీళ్లు గది వేడికి దగ్గరగా ఉండేవి. వేసవి మధ్యాహ్నం నీళ్లను, నాలుగో నియమం ప్రకారం, చల్లారనివ్వకుండా పది నిమిషాల్లో పరుగెత్తుకుంటూ తెచ్చి కొలిచారు.

“వేడి మారితే రంగు మారతాది,” అన్నారు ఆమె, పాఠం చెప్పే గొంతుతో. “ముప్పై ఏండ్లుగా పిల్లోళ్లకు చెప్తా ఉండా. బోర్డు మీద రాస్తా ఉండా. వాళ్లు రాయకుంటే మార్కులు కోస్తా ఉండా.”

రేవతి, “మీరు చెప్పింది బొగ్గు పొడి గురించి గదా మేడమ్, అదీ నిజమే గదా,” అంది.

“నువ్వు గమ్మునుండు. నన్ను కాపాడేదానికి కాదు నీకు ఫెలోషిప్పు ఇచ్చింది.”

ఆమె తిన్నగా చార్టు దగ్గరికి నడిచారు. పెన్సిలు తీశారు. నాలుగో నియమం మీద ఒక్క గీత. వంకర లేని గీత. కింద రాసింది చదవడానికి వస్తోంది. పైన రాశారు: ‘కాగితంలో వడగట్టి పొడి తీసెయ్యాలి. గది వేడికి వచ్చాక కొలవాలి.’ పక్కన పొడి అక్షరాలు పెట్టారు. అక్కడితో ఆగలేదు. మా వైపు తిరిగి, “తప్పు పట్టుకున్నోళ్ల సంతకం గూడా పడాల. రా అప్పా,” అన్నారు. ఆ పెన్సిలు నా చేతికిచ్చారు. నేను సంతకం చేశాను. నా చెయ్యి వణికింది. వణికినట్టే పడింది.

*

కారణం ఊహిస్తే చాలదు, చూపించాలి. మిగిలింది ఇరవై ఆరు రోజులు. ఏడు మధ్యాహ్నాలు మేం ముగ్గురం అదే వరండాలో నిలబడ్డాం. ఒకే గొట్టంలోంచి దిగిన నీళ్లు కాగితంలో వడగట్టి రెండు సీసాల్లో పట్టేవాళ్లం. ఒకటి వెంటనే కొలవడం, రెండోది మూత పెట్టి ఏసీ గదిలో గంటన్నర ఉంచి కొలవడం. థర్మామీటరు చదివే పని నాది. మొదటి రోజు వేడి సీసా 1.08 చూపించింది. గంటన్నరకు నేను వాచీని పదిహేనుసార్లయినా చూసుంటాను. రేవతి రెండో సీసాలో రంగు కలిపి మీటరులో పెట్టింది.

“ఎంత?” అన్నాను, ఆగలేక.

రేవతి పక్కకు జరిగి చూపించింది. 0.94.

వరండాలో మునిరత్నం ఈల వేశాడు. మేడమ్ పెన్సిలు తీసి, పుస్తకంలో ఆనాటి తేదీ వేశారు.

ఏడు రోజులు, పద్నాలుగు సీసాలు. ఏడుసార్లూ వేడి సీసా ఒకటి దాటింది, ఏడుసార్లూ చల్లారిన సీసా ఒకటికి లోపలే ఉంది. తేడా కనిష్ఠం 0.12, గరిష్ఠం 0.16. గడువుకు తొమ్మిది రోజుల ముందే జవాబు పోయింది. అందులో ఒక వాక్యం ఆమె తన చేత్తో రాశారు: ‘ఈ పొరపాటు విద్యార్థినిది కాదు, పర్యవేక్షకురాలి నియమానిది.’

మౌఖిక పరీక్ష జూన్ చివర్లో జరిగింది. ఆ రోజు నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను. ఫ్యాక్టరీలో చేరాక సీజన్లో పెట్టిన మొదటి సెలవు. ఇదే హాలు. పరీక్షకుడు కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దాయన, సన్నగా, కళ్లద్దాల పైనుంచి చూస్తారు. రేవతిని గంటా పది నిమిషాలు అడిగారు. ఆమె తడబడలేదు. చివరికి ఆయన గ్రంథం మూసి అన్నారు:

“అమ్మాయ్, ఒక్క మాట. ఈ నలభై ఒక్క కొలతలు మీరు చింపేసి ఉంటే నాకు తెలిసే అవకాశమే లేదు. తెలుసా?”

“తెలుసు సార్. చింపేసి ఉంటే మాకూ తెలిసే అవకాశం లేదు.”

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఆయనా నవ్వారు.

“ఇంతకీ మూట నంబర్లు, గంటలు, నెలలు పెట్టి ఈ పట్టిక వేసిన పరిశోధకులు ఎవరు? చాలా చక్కగా ఉంది.”

మేడమ్ లేచి నిలబడ్డారు. వెనక వరుసలో ఉన్న నా వైపు చెయ్యి చాపారు.

“ఆయన సార్. మా టెంకల శాస్త్రవేత్త. లెయ్యప్పా, అందురూ చూడని.”

నేను లేచాను. తోతాపురి మరక పడిన చొక్కా, చంకలో తూకం పుస్తకం. పరీక్షకుడు కుర్చీలోంచి లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆయన లేచారని హాలంతా లేచింది. నేను లెక్కపెట్టాను. అరవై మూడు మంది.

ఆమోదించామని ప్రకటించాక రేవతి పకపకా నవ్వింది. పూలగుత్తి ఒక చేతిలో, గ్రంథం ఇంకో చేతిలో. నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఖాళీ అయ్యాక కూడా పెట్టుకోలేదు. ఆ ఏడాదే వాళ్ల ఊరి బడిలో వడపోత పెట్టారు. నీళ్లు పట్టే చోట గోడ మీద ఒక చార్టు అంటించారు. మొదటి నియమం: చల్లారాక కొలవాలి.

*

“సార్, పెన్ను,” అన్నాడు మునిరత్నం.

పదీ పది అయింది. హాలు నిండుతోంది. స్టూలెక్కాను. 31 మీద ఒక్క గీత గీశాను. ఆమె గీసినంత తిన్నగా రాలేదు. పైన 34 అని రాసి, పక్కన నా పొడి అక్షరాలు పెట్టాను. ముందు వరుసలో కూర్చున్న కొత్త పిల్లలు, ఎవరీయన, ఫ్లెక్సీ పాడు చేస్తున్నాడు అన్నట్టు చూశారు.

దిగేసరికి రేవతి వచ్చి నిలబడింది. ఇప్పుడామె ఈ విభాగంలోనే పాఠాలు చెబుతోంది. జుట్టు ముడిలో పెన్సిలు ఉంది. నేను చూడటం చూసి, “తీసి పెట్టేదానికి చోటు లేకన్నా,” అంది. స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని స్టూలెక్కి నా అక్షరాల కింద సంతకం చేసింది.

“నేను గూడా పెట్టచ్చా సార్? తప్పు పట్టింది నేనే గదా ముందు,” అన్నాడు మునిరత్నం.

“పెట్టు. అంటించబోయింది గూడా నువ్వే. అది గూడా రాయి,” అన్నాను.

నవ్వుతూనే పెట్టాడు. ఆ వెనక ఒక పాత విద్యార్థి వచ్చాడు, అతని వెనక ఇంకొకరు. స్టూలు దగ్గర వరుస కట్టారు. 10.0 మూడుసార్లు రాసిన ఆ పిల్లవాడు, ఇప్పుడు మందుల కంపెనీ ఆఫీసరు, సంతకం చేసి దిగుతూ, “మేనమామ చచ్చిపోయినంత బాధగా ఉండాది సార్,” అని నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు.

సభ పదిన్నరకు మొదలు కావాలి. పదీ నలభై ఏడుకు మొదలైంది. అప్పటికి ఫ్లెక్సీ మీద సంతకాలు యాభై రెండు. పైన 34, కింద 31. నేను కూర్చున్న వెనక బెంచీ నుంచి కూడా రెండూ స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి.